నల్ల బార్డరు పేజీ

అప్పట్లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక సంగీత పత్రికలో పేజీలు డిజైన్ చేసేదాన్ని. ఒక పెద్ద వయొలిన్ విద్వాంసుడు ఆసుపత్రిలో ఉన్నారు. సంచిక ప్రింటుకు వెళ్లే రోజు దగ్గరపడుతోందని, నివాళి పేజీ ముందే సిద్ధం చేయమన్నారు ఎడిటర్. ఆయన ఫొటోకు నల్ల బార్డరు కట్టి, పుట్టిన సంవత్సరం పక్కన ఖాళీ వదిలాను.

అంతలో మేం అడిగిన పాత ఫొటోలు ఇవ్వడానికి ఆయన కూతురు వచ్చింది. నేను స్క్రీన్ మూసేలోపే చూసేసింది.

"నాయిన ఇంకా బతికే ఉన్నడక్కా," అంది.

సంచిలోంచి ఒక ఫొటో తీసి నా ముందు పెట్టింది.

"పెట్టేదుంటే ఇది పెట్టుండ్రి. మీరు పెట్టిన దాంట్ల ఆయన చేతుల వయొలిన్ లేదు."

మూడో రోజున ఆ ఖాళీ నింపాను. పేజీ చాలా బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.