ఒకే తీగ మీద రెండు కంపెనీలు

మా ఇంటికి ఇప్పుడు రెండు ఇంటర్నెట్ లైన్లున్నాయి. పోతే రెండూ ఒకేసారి పోతాయి.

తాండూరులో మా గల్లీకి మొదటినుంచీ ఒక్కడే కేబుల్ అన్న. టీవీ లైన్ ఆయనదే. తర్వాత ఒక కంపెనీతో కలిసి ఇంటర్నెట్టూ ఆయనే ఇచ్చాడు. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నం కాగానే పోయేది. నాకేమో అప్పుడే పని. హైదరాబాద్‌లోని ఒక ప్రచురణ సంస్థకు ఇంట్లో కూర్చొని పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దేదాన్ని. పేజీలన్నీ వాళ్ళ సైట్లోనే తెరిచి దిద్దాలి. తొలి పుస్తకం గడువుకు అందిస్తే ఇంటినుంచే పని ఖాయం. లేదంటే ఆఫీసుకు వెళ్ళి నలుగురి మధ్య కూర్చోవాలి. కొత్తవాళ్ళతో రెండు మాటలు మాట్లాడాలంటేనే నాకు చెమటలు పడతాయి.

అన్నకు ఫోన్ చేయాలన్నా మొహమాటమే. అమ్మ చేసేది. "వస్తున్న అమ్మా, చౌరస్తల ఉన్న" అనేవాడు. కూతవేటు దూరంలోని ఆ చౌరస్తా నుంచి మా ఇంటికి రావడానికి ఆయనకు సాయంత్రమయ్యేది.

చివరికి ఆయనకు చెప్పకుండా ఫోన్లోనే ఇంకో కంపెనీకి బుక్ చేశాను. ఆ రెండు కంపెనీల ప్రకటనలు చూస్తే బద్ధశత్రువులనిపిస్తుంది. పాతది పోయినా కొత్తది ఉంటుందనుకొని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు కొత్త కంపెనీ టీషర్టు వేసుకొని తలుపు కొట్టింది మా కేబుల్ అన్నే.

"ఏం చెల్లె, నా మీద అలిగినవా?" అన్నాడు నవ్వుతూ. నేను తలుపు చాటుకు జరిగాను.

"అలిగి యాడికి పోతది? అంగి మార్చుకొని మల్ల నువ్వే వస్తివి" అంది అమ్మ వంటింట్లోంచి.

"ఏం జేయాలె అమ్మా. గీ గల్లీల స్తంభాల మీద తీగ నాది. ఎవ్వలొచ్చినా నాతోని కలవాల్సిందే. టీవీల కొట్లాడుకుంటరు, ఈడ నా తీగనే వాడుకుంటరు."

మరి తీగ తెగితే రెండూ పోతాయా అని అడగాలనుకున్నాను. అడగకుండానే లోపలికి వెళ్ళిపోయాను.

పుస్తకం అందించాల్సిన రోజున, నాపరాళ్ళ లోడుతో మలుపు తిరుగుతున్న లారీ ఆ తీగను తెంచుకుపోయింది. రెండు ఇంటర్నెట్ డబ్బాల మీదా ఎర్ర దీపాలు. ఫోన్ నెట్‌తో ప్రయత్నిస్తే పేజీ సగం తెరుచుకొని ఆగిపోయింది. పాత కంపెనీకి ఫోన్ చేస్తే తీగ తమది కాదన్నారు. కొత్త కంపెనీదీ అదే మాట, ఇంకొంచెం మర్యాదగా.

అన్నకు మొదటిసారి నేనే ఫోన్ చేశాను. "తీగ నాదే గని, తెగితే కొత్తది కంపెనీ పంపాలె చెల్లె" అన్నాడు.

"ఏ కంపెనీ?"

"గదే వాళ్ళు తేల్చుకుంటలేరు."

లాప్‌టాప్ పట్టుకొని వికారాబాద్‌లోని మేనత్త ఇంటికి రైలెక్కాను. అక్కడ లైన్ చక్కగా ఉంది. నేను పేజీలు తెరిచేసరికే గడువు దాటింది, మిగిలినవి వేరొకరికి ఇచ్చేశారు. సంస్థలోని మేడం కోప్పడలేదు. "మీ పని బాగుంది. కానీ ఇంటినుంచి కుదరదు. ఆఫీసుకు రాగలరా?" అని ఫోన్లో అడిగింది. కాదనడానికి నా దగ్గర భయం తప్ప వేరే కారణం లేదు. వస్తానన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే హైదరాబాద్ రైలు. మొదటి వారంలోనే, వికారాబాద్ దాటుతుండగా ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. కొత్త కంపెనీ నుంచి.

"మేడం, మీ ఇంటర్నెట్ సరిచేశాం. మా సర్వీసుకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

"మా పాత కంపెనీ లైన్ కూడా వచ్చిందా?"

"అది వేరే కంపెనీ మేడం. మాకు సంబంధం లేదు."

"మీ ఇద్దరిదీ ఒకటే తీగండీ! అది తెగబట్టే నేనీ రైల్లో ఉన్నాను" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, ఎదురు సీటాయన పేపరు దించి నావైపు చూశాడు.

"అర్థమైంది మేడం," అంది ఆ అమ్మాయి. "స్టార్లు ఎన్ని రాసుకోమంటారు?"