అప్పు తీర్చనివ్వని బావమరిది

మా ఆయన్ని ఆ ఫైనాన్సు కంపెనీ మేనేజరు మొదటి రోజే "బావగారూ" అన్నాడు. కారు అప్పు ఇవ్వడానికి గుడివాడ బ్రాంచి నుంచి బందరులో మా ఇంటికి వచ్చినప్పటి మాట ఇది. నన్ను "అక్కా" అన్నాడు. మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగి, అచ్చం వాళ్ళమ్మ చేతి మజ్జిగలాగే ఉందన్నాడు. కళ్ళు తుడుచుకోవడం ఒక్కటే తక్కువ. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. హోంవర్కు చెయ్యని పిల్లాడు ఎంత తియ్యగా నవ్వుతాడో నాకు కొత్త కాదు. కానీ ఆ పూట మాకు కారు కావాలి. సంతకాలు పెట్టాం.

కారు సరదాకి కొన్నది కాదు. నన్ను దివిసీమలో కోడూరు వైపు ఒక స్కూలుకి బదిలీ చేశారు. బందరు నుంచి ఉల్లిపాలెం వంతెన దాటి వెళ్ళాలి. స్కూలు వేళకి బస్సు ఉండదు, బస్సు వేళకి వెళ్తే మొదటి పీరియడు అయిపోతుంది. మా ఆయనది ఫోటో స్టూడియో. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఉదయం పూట ఆ స్టూడియో మెట్లు ఎక్కేవాళ్ళే లేరు. అందుకని ఆయనే నన్ను దింపి వచ్చేవారు. అదే దారిలో పనిచేసే ఇద్దరు టీచర్లు కూడా మాతో ఎక్కి పెట్రోలు ఖర్చు పంచుకునేవారు. వంతెన మీదకి రాగానే ఆయన వేగం తగ్గించేవారు. కృష్ణ మీద ఎండ ఎలా పడుతోందో చూడమనేవారు. వెనక సీట్లో టీచర్లు హాజరు యాప్ గురించి కంగారు పడుతుంటే ఈయన వెలుతురు గురించి చెబుతుండేవారు.

ఆయనకి షుగరుంది. ఒకరోజు స్కూలు నుంచి తిరిగి వస్తూ, ఎదురుగా వస్తున్న ట్రాక్టరు ఆఖరి క్షణం దాకా కనపడలేదన్నారు. ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. విజయవాడలో కళ్ళ డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఎడమ కన్ను చాలా వరకు పోయిందనీ, రెండోదాన్ని కాపాడుకోవాలనీ చెప్పారు.

"ఇక బండి నడపకండి. మీకోసమే కాదు, ఎదురొచ్చేవాళ్ళ కోసం కూడా" అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆ ఇద్దరు టీచర్లూ నేనూ కలిసి ఆటో మాట్లాడుకుని స్కూలుకి వెళ్ళాం. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే కారు తుడిచేవారు, లోపల కూర్చునేవారు, దిగి వచ్చేసేవారు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయనే అన్నారు: "అమ్మేద్దాం. వాకిట్లో పెట్టుకుని చూస్తూ కూర్చోలేను."

కొనే మనిషి తొందరగానే దొరికాడు. నందివాడలో చేపల చెరువులున్న రైతు. కారు చూసుకుని, అడ్వాన్సు చేతిలో పెట్టి, "కాగితాల మీద ఫైనాన్సు వాళ్ళ పేరు పోవాలండీ. అది పోయిన రోజు మిగతాది ఇచ్చేసి తీసుకెళ్తాను" అన్నాడు. సూటి మాట. నేను నా ప్రావిడెంట్ ఫండు నుంచి అప్పు పెట్టుకున్నాను. ఇక మిగిలింది గుడివాడ వెళ్ళి, డబ్బు కట్టి, కాగితం తెచ్చుకోవడమే అనుకున్నాం.

పెడన మీదుగా బస్సులో గుడివాడ వెళ్ళాం. మేనేజరు మమ్మల్ని చూసి లేచాడు. విషయం చెప్పాక కూర్చున్నాడు.

"క్లోజ్ చేసేయడమెందుకు సార్?" అన్నాడు. బావగారు సార్ అయిపోయారు. "మీ ట్రాకు చాలా బాగుందండీ. ఒక్క వాయిదా తప్పలేదు. దీని మీదే టాపప్ అని ఇంకో లోను ఇస్తాను, డ్రైవర్ని పెట్టుకోండి."

"మాకు అప్పు వద్దండీ. ఉన్నదాన్ని తీర్చేద్దామని వచ్చాం" అన్నాను.

"తీర్చడానికి తొందరేముంది మేడమ్?"

అప్పు తీరుస్తామని వచ్చినవాళ్ళకి తొందరపడొద్దని బుద్ధి చెప్పేవాణ్ణి జీవితంలో మొదటిసారి చూశాను. మా ఆయన, అంత అవసరం లేకపోయినా, తన కంటి సంగతి చెప్పారు. డాక్టరు చీటీ కూడా తీసి చూపించారు. ఆ చీటీ వైపు చూడకుండానే మేనేజరు అన్నాడు:

"రెండో కన్ను బాగానే ఉంది కదండీ? మా కస్టమర్లలో ఒంటికన్నుతో లారీలు తోలేవాళ్ళున్నారు సార్."

మా ఆయన నవ్వారు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మర్యాదస్తులు నవ్వే నవ్వు అది. తర్వాత తల దించుకుని చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆ మేనేజరు మీద నాకు అప్పటిదాకా ఉన్నది చిరాకు. అక్కడితో ఆ మనిషి నా లెక్కలోంచి పోయాడు.

"ఇవాళ కడితే ఎంతవుతుందో రాసివ్వండి" అన్నాను.

చాలాసేపు కంప్యూటరు నొక్కి ఒక కాగితం ఇచ్చాడు. మిగిలిన అసలు ఉంది. ముందుగా మూసేస్తున్నందుకు రుసుము ఉంది, అది మేం సంతకం పెట్టిన షరతే. దాని కింద, మేమెప్పుడూ అడగని బీమా ఒకటి ఉంది. దాని కింద "ఫీల్డ్ విజిట్ చార్జీలు" అని ఇంకొకటి.

"ఇదేంటి?"

"వాయిదా లేటైనప్పుడు మా స్టాఫ్ ఇంటికొస్తారు కదండీ, దానికి."

"ఒక్క వాయిదా తప్పలేదని ఇందాక మీరే అన్నారు."

"అన్నానండీ. కానీ విజిట్ జరిగినట్టు సిస్టమ్‌లో ఉంది."

మా ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. కొత్త సంవత్సరం రోజుల్లో వాళ్ళ ఆఫీసు మనిషి ఒకతను మా ఇంటికొచ్చి కంపెనీ క్యాలెండరు ఇచ్చి వెళ్ళాడు. వచ్చినట్టు ఫోన్లో మా ఇంటి ఫోటో కూడా తీసుకున్నాడు. ఇచ్చిన క్యాలెండరుకి వసూలు ఖర్చు వేశారన్నమాట. ఆ మాట నేను పైకే అన్నాను. మేనేజరు ఏమాత్రం సిగ్గుపడలేదు.

"సిస్టమ్ తీసుకుంటుంది మేడమ్, మా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆ ఆఫీసులో తప్పులన్నీ సిస్టమే చేస్తుంది. జీతాలు మాత్రం వీళ్ళు తీసుకుంటారు.

కట్టకుండానే లేచి వచ్చాం. తిరుగు బస్సులో ఇద్దరికీ మాటామాటా వచ్చింది. "పోనీలేవే, అడిగింది పారేద్దాం. ఇంకోసారి ఆ గుమ్మం ఎక్కలేను" అన్నారాయన.

"మీరు ఎక్కక్కర్లేదు. నేనెక్కుతాను."

"ఆ నాలుగు రూపాయల కోసం నువ్వు వాడితో నోరు పారేసుకుంటావా?"

"రూపాయల కోసం కాదు" అన్నాను. ఎందుకో ఆయనకి చెప్పలేదు. ఆ నవ్వు గురించి నేను మాట్లాడితే ఆయన మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నంత బాధపడతారు. గుడ్లవల్లేరు దాటేదాకా ఇద్దరం కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాం.

వాళ్ళ పెద్దాఫీసుకి మెయిల్ పెట్టాను. విషయం వరసగా, అర్థమయ్యేలా రాశాను. జవాబు వచ్చింది. మా విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలట. నా సంతృప్తే వాళ్ళ ధ్యేయమట. ఫిర్యాదు పరిష్కారమైంది కాబట్టి మూసేశారట. అడిగిన ప్రశ్న వదిలేసి తమకి వచ్చిన వ్యాసం రాసేసే పిల్లలుంటారు. వాళ్ళకి కనీసం ఫెయిలవుతామన్న భయం ఉంటుంది. ఈ జవాబు రాసినవాళ్ళకి అదీ లేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి వెళ్తానని మళ్ళీ రాస్తే, మళ్ళీ ధన్యవాదాలు చెప్పారు.

ఈలోగా నందివాడ రైతు ఫోన్ చేశాడు. గట్టిగా అడగడానికి మొహమాటపడుతూనే, "ఎంతవరకు వచ్చిందండీ?" అన్నాడు. ఆయన అడ్వాన్సు మా బీరువాలో ఉంది. దసరా సెలవులిచ్చారు. టిఫిన్ బాక్సులో పులిహోర పెట్టుకుని, ఒక్కదాన్నే గుడివాడ బస్సెక్కాను.

బ్రాంచికి బెలూన్లు కట్టారు. పండగ ఆఫర్లట. లోపల బల్లల దగ్గర జనం. మేనేజరు నన్ను చూసి, "ఇవాళ చాలా రష్‌గా ఉంది మేడమ్, వచ్చే వారం రండి" అన్నాడు.

"నాకు సెలవులేనండీ. కూర్చుంటాను."

వచ్చినవాళ్ళు కూర్చునే సోఫా ఒకటే ఉంది. అందులో కూర్చున్నాను. కాసేపటికి పెదపారుపూడి నుంచి ఒక జంట వచ్చి పక్కన కూర్చున్నారు. కారు కొనడానికి వచ్చారు. ఊరికే కూర్చోలేక ఆవిడ పలకరించింది.

"మీరూ లోనుకేనా అండీ?"

"కాదమ్మా. తీర్చడానికొచ్చాను. తీర్చనివ్వడం లేదు."

"అదేంటండీ?"

చెప్పాను. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. వెనక బెంచీ దాకా వినపడేలా మాట్లాడటం మా ఉద్యోగంలో మొదట వచ్చే విద్య. క్యాలెండరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ భర్త ఫోన్ జేబులో పెట్టేసి నా వైపు తిరిగాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ, "మళ్ళీ వస్తామండీ" అని బల్ల దగ్గర చెప్పి, మేనేజరు లేచేలోగా మెట్లు దిగిపోయింది.

తర్వాత ఇంకొకాయన వచ్చాడు. ఆయనకీ చెప్పాను, అడిగాడు కాబట్టి. మధ్యాహ్నం సోఫాలోనే టిఫిన్ బాక్సు తెరిచాను. పులిహోర వాసన ఏసీ గదంతా కమ్ముకుంది. అప్పుడు వచ్చాడు మేనేజరు, మొహం నిండా ఆత్మీయత పులుముకుని.

"అక్కా, ఇక్కడెందుకక్కా? లోపలికి రండి, కూల్‌డ్రింకు తెప్పిస్తాను."

"నాకిద్దరు తమ్ముళ్ళున్నారు బాబూ. ఇంకొకళ్ళు అవసరం లేదు" అన్నాను.

"అలా అందరి ముందూ చెబితే ఎలాగక్కా? కంపెనీకి చెడ్డపేరు కదా."

"చార్జీ వేసినప్పుడు లేని చెడ్డపేరు చెబితే వచ్చిందా?"

మేనేజరు లోపలికి వెళ్ళిపోయాడు. అద్దాల గదిలోంచి ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఫోన్లో కూడా ఎవరినో "అన్నా, అన్నా" అంటున్నాడు. దారిన పోయేవాళ్ళందరితో చుట్టరికం కలుపుకుని బతికే మనిషి. ఒక్క చుట్టరికానికీ కట్టుబడడు.

సాయంత్రం బెలూన్లలో గాలి తగ్గే వేళకి పిలిచాడు. కొత్త కాగితం ఇచ్చాడు. విజిట్ చార్జీలు పోయాయి. బీమాలో మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి వేశారు. మా చేతుల్లో ఏమీ లేదన్న మనిషి చేతుల్లోంచే అదంతా వచ్చింది.

"మీకోసం స్పెషల్ అప్రూవల్ తెప్పించాను. ఎవరికీ ఇలా చెయ్యం" అన్నాడు.

మన జేబులోంచి తీసింది మనకే ఇచ్చి, దానం చేశాననుకునే మొహం అది. అసలుతో పాటు ముందస్తుగా మూసే రుసుమూ కట్టేశాను. సంతకం పెట్టిన షరతు, దాని మీద నాకు తగువు లేదు. రసీదు తీసుకుని లేస్తుంటే ఫోన్ ముందుకు చాపాడు.

"మా బ్రాంచికి ఒక ఫైవ్ స్టార్ పెట్టండక్కా. నాకు టార్గెట్ ఉంటుంది."

హాస్యం కాదు, నిజంగానే అడిగాడు. అంతవరకూ మీరు, మీరు అంటూ వచ్చిన నాకు అప్పుడు మాత్రం నోరు దానంతటదే మారింది.

"స్టార్లు ఒకటో తరగతి పిల్లలకి పెడతారు. నువ్వింకా అంత దాకా రాలేదు" అని వచ్చేశాను.

దాంతో పూర్తి కాలేదు. బాకీ లేదన్న కాగితం కొరియర్లో రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినదాంట్లో మా ఆయన ఇంటిపేరు తప్పు. అప్పు ఇచ్చినప్పుడు, వాయిదాలు కోసుకున్నప్పుడు తప్పని ఇంటిపేరు, వదిలేసేటప్పుడు మాత్రం తప్పింది. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ ధన్యవాదాలు. రెండో కాగితం సరిగ్గా వచ్చింది. రవాణా ఆఫీసులో ఫైనాన్సు పేరు తీయించి, నందివాడ కబురు పెట్టాం. ఆ రైతు అన్నాళ్ళూ ఒక్క మాట తూలలేదు. మాతో ఏ చుట్టరికమూ కలపలేదు కూడా.

కారు తీసుకెళ్ళడానికి ఆయన ఒక్కడే వచ్చాడు. మా ఆయన పక్క సీట్లో కూర్చుని బైపాసు దాకా వెళ్ళి వచ్చారు. ఏసీ ఎప్పుడు వెయ్యాలో, ఏ తలుపు కాస్త గట్టిగా వెయ్యాలో చెప్పారట. డబ్బు లెక్క చూసుకున్నాం, టీ తాగారు. బండి సందు మలుపు తిరిగేదాకా ఈయన గేటు పట్టుకుని నిలబడ్డారు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

కాసేపటికి లోపలికొచ్చి ఫోన్ కోసం వెతికారు.

"ఏంటండీ?"

"వానాకాలం వెనకద్దానికి పొగలాగా పట్టేస్తుంది. దానికేం చెయ్యాలో చెప్పడం మర్చిపోయాను."

రైతు ఇంకా పామర్రు కూడా చేరి ఉండడు. అయినా ఫోన్ ఎత్తాడు, బండి పక్కకి ఆపుకున్నానన్నాడు. మా ఆయన వరండాలో అటూ ఇటూ నడుస్తూ అద్దం గురించి చెప్పారు. అక్కణ్ణుంచి చెరువుల్లోకి మాట మారింది. చేపల ధర ఎలా ఉందని అడిగారు. ఎప్పుడైనా నందివాడ వస్తే చెరువు గట్టు మీద పొద్దున్నే మంచి ఫోటోలు పడతాయని అవతలి మనిషి అన్నట్టున్నాడు. "తప్పకుండా వస్తానండీ, బస్సులో వస్తాను" అంటున్నారు ఈయన.