మెట్ల మీద పిల్లలు

బడి వదిలాక, పనికెళ్లిన తల్లులు తిరిగొచ్చేదాకా ఆ మేడలోని పిల్లలంతా మూడో అంతస్తు మామ్మ దగ్గరే ఉండేవారు. మెట్ల మీద కూర్చోబెట్టి ముక్కులు తుడిచేది, తగువులు తీర్చేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది.

ఒకరోజు ఇంటి యజమాని ఆ గోలకు విసుక్కున్నాడు. "పనీపాటా లేక ఈ కోతిమూకను పోగేశావా మామ్మా? రేపట్నుంచి మెట్ల మీద ఎవరూ కనపడకూడదు."

మామ్మకు ఒళ్లు మండింది. "సరే నాయనా" అని మాత్రం అంది.

మర్నాడు పిల్లలందరినీ వెంటబెట్టుకుని తిన్నగా అతని హాల్లోకి నడిచింది. "మెట్ల మీద వద్దన్నావుగా! నేను కాస్త నడుం వాలుస్తా. వీళ్లను నువ్వు చూడు" అంటూ సోఫాలో ఒరిగింది.

గంట తిరక్కుండానే యజమాని చెమటలు కక్కుతూ, కింద ఖాళీగా పడున్న గది తాళంచెవి తెచ్చి ఇవ్వబోయాడు.

మామ్మ చెయ్యి చాపలేదు. "ముందు ఊడ్పించు. ఫ్యాను కూడా పెట్టించు" అంది.