హవాయి దీవుల మీద నేను దంచిన ఉపన్యాసం

ఆ నెలంతా నాకు కాలు ఒకచోట నిలవలేదు. కలకత్తాలో, మెటియాబ్రుజ్ పేటలో, మా వరస ఇళ్ల వెనక ఒక చిన్న చెరువు ఉండేది. బెంగాలీలు పుకుర్ అంటారు. దాన్ని పూడ్చి ఐదంతస్తుల ఇల్లు కడతారన్న వార్త, ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం మా గుమ్మం దాకా వచ్చింది. పుస్తకం తెరిస్తే అక్షరం తలకెక్కదు. గిన్నెలు తోముతూ తోముతూ లేచి వెళ్లి చెరువు ఉందో లేదో చూసొచ్చేదాన్ని. ఉండక ఎక్కడికి పోతుంది!

మా నాన్న ఓడరేవు డాక్‌లో కూలీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా ఇళ్లలో కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ పొగరు నాకు దండిగా ఉండేది. అమ్మకు చదువు లేదు, చెరువు మీద పెత్తనం మాత్రం ఉంది. తొలకరి పడ్డాక తూర్పు గట్టున గిన్నె తోమనిచ్చేది కాదు, గాలం వేయనిచ్చేది కాదు. అక్కడ కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతాయి, కింద తల్లిచేప కాపలా కాస్తుంది. "పిల్లలు పెద్దయ్యేదాక ఇటేపు రాకండి" అని వచ్చినవాళ్లనల్లా గదిమేది. గట్టు మీది గానుగ కొమ్మ విరిచినవాడి పని ఇక అయిపోయినట్టే. ఆ వేర్లే గట్టును పట్టుకున్నాయని, ఆ నీడ లేకపోతే వైశాఖంలో చేప బతకదని తిట్ల మధ్యే పాఠం చెప్పేది. ఊళ్లో వాళ్లమ్మ నేర్పిందట. ఆ అరుపులకు నాకు తల కొట్టేసినట్టుండేది.

సరిగ్గా అప్పుడే కాలేజీ లైబ్రరీలో హవాయి దీవుల మీద ఒక పుస్తకం దొరికింది. అక్కడివాళ్లు కొండ కొన నుంచి సముద్రం దాకా, నీళ్లు పారే దారంతా ఒకే భాగంగా చూసుకునేవారట. పైన అడవి చెడితే కింద తీరానికీ చేటేనని వాళ్లకు తెలుసట. వాగు నీళ్లు చేమదుంప మళ్లకు పెట్టుకుని, మళ్లీ వాగులోకే వదిలేవారట. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వల వేయకూడదట. ఎంత జ్ఞానం అనుకుంటే ఒళ్లు పులకరించింది. ఆ సాయంత్రమే అమ్మ తూర్పు గట్టున ఎవరినో తిడుతుంటే, కిటికీ వేసుకుని మరీ చదువుకున్నాను.

తొలకరి పడిన వారానికి, ఒక ఆదివారం పొద్దున, చెరువు సంగతి తేల్చడానికి మా పేట క్లబ్బులో మీటింగు పెట్టారు. అమ్మ ఉతికిన చీర కట్టుకుని నాతో బయల్దేరింది. ఆమెకు బెంగాలీ అర్థమవుతుంది కాని, నలుగురిలో మాట్లాడాలంటే బెదురు.

"ఒలే, నాను సెప్పినవన్నీ ఆళ్లకి సెప్పు. సేప పిల్లల సంగతి, సెట్ల సంగతి. తెలీక పూడుస్తామంతన్నారు. తెలిస్తే పూడ్సరు" అంది. దారంతా అదే మాట.

క్లబ్బు సెక్రటరీ "చెప్పండి మాసీమా" అన్నాడు, పిన్నిగారూ అన్నంత మర్యాదగా. అమ్మ నావైపు చూసింది. నేను లేచాను. ఎదురుగా మాస్టార్లు, పార్టీ దాదాలు, ఇస్త్రీ లాల్చీలు. చేప పిల్లల కోసం జనాన్ని తిట్టే మా అమ్మ సంగతి వీళ్ల ముందు చెప్పాలా అనిపించింది. దాచడమెందుకు, సిగ్గేసింది. హవాయి ఎత్తుకున్నాను. కొండలు, అడవులు, వాగులు, సముద్రం, పావుగంట దంచాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన నాకు టీ కూడా తెప్పించాడు.

ఒక పెద్దాయన మాత్రం అడిగాడు: "బాగుంది తల్లీ. అక్కడ అవన్నీ ఉన్నాయి. ఇక్కడ ఈ మురికిగుంటలో ఏముంది?"

ఏముందో నా పక్కన కూర్చున్న మనిషికి తెలుసు. నేను టీ తాగుతూ ఉండిపోయాను. చేతులెత్తమన్నారు. పూడ్చడానికే ఎక్కువ చేతులు లేచాయి.

మూడో రోజుకు మట్టి లారీలు వచ్చాయి. అమ్మ గట్టు మీద నిలబడింది, తిట్టలేదు. నేను ఇంట్లోకీ బయటికీ పదిసార్లు తిరిగి, చివరికి ఉండబట్టలేక వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నాను సెప్పినానే అమ్మా. ఆళ్లే ఇన్లేదు" అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. కోపం ఉన్నా బాగుండేది.

"ఆ దీవులోలు పెట్టి పుట్టినారే. ఆళ్ల మాట సెప్పడానికి నువ్వున్నావు."