కలవని పెదవులు

ఆ టీవీ ఆఫీసులో ప్రివ్యూ అంటే మహత్కార్యం. ప్రసారానికి ముందు కార్యక్రమాన్ని ఆఖరిసారి సరిచూడాలన్నది నియమం. చీఫ్ ఎడిటర్‌తో సహా నలుగురు పెద్దలు కుర్చీల్లో చేరగిలబడి, కాఫీ చప్పరిస్తూ, ఫోన్లు నొక్కుకుంటూ దాన్ని ఆసాంతం వినేవారు. తెర వైపు చూసే ఆచారం మాత్రం లేదు.

అక్కడికి ఆరు నెలల ప్రొబేషన్ మీద ఎడిటింగ్ పనికి వచ్చిందామె. ఏడో ఏట జ్వరం రెండు చెవుల్నీ పట్టుకుపోయింది. 'అందరికీ సమాన అవకాశం' అన్న బోర్డు కిందే నిలబడి చీఫ్ ఎడిటర్ తొలిరోజు అడిగాడు.

"వినపడకుండా ఎడిటింగేంటమ్మా?"

"మాటలు టైపు కాగితంలో చదువుకుంటాను సార్. పెదాల మీద సరిచూసుకుంటాను."

పెదాలు చదవడం ఆమె నేర్చుకున్నది పళ్లన్నీ ఊడిన అమ్మమ్మ దగ్గర. అంతకన్నా కఠినమైన విశ్వవిద్యాలయం భూమ్మీద లేదు.

ప్రొబేషన్ చివరి రోజున, సాయంత్రం ఆరింటి ప్రసారానికి వంతెనల ఇంజనీరు ఇంటర్వ్యూ సిద్ధమైంది. తొందరలో చీఫే స్వయంగా కోసి అతికించాడు. ప్రివ్యూ మొదలైంది. పాత వంతెన మరమ్మతు అయిందా అని ప్రశ్న. "పూర్తిగా అయిపోయింది, బస్సులు వెళ్లొచ్చు" అని జవాబు. పెద్దలు తలలూపారు.

ఆమె కాగితం చూసింది, తెర చూసింది. తప్పు పట్టాల్సింది ఎవరిని? ఆ సాయంత్రం తన ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టాల్సిన మనిషిని. అయినా చేయెత్తింది.

"సార్, ఈయన ఆ మాట అనలేదు."

"మేం నలుగురం విన్నాం కదమ్మా!" అన్నాడు చీఫ్.

"విన్నారు సార్, చూళ్లేదు. 'పూర్తి' అన్నా, 'బస్సు' అన్నా పెదాలు కలవాలి. మీరూ అని చూడండి."

నలుగురు పెద్దమనుషులు పరమ గంభీరంగా "పూ... బ... పూ..." అనుకుంటూ కూర్చున్నారు. తెర మీద ఇంజనీరు పెదవులు ఒక్కసారీ కలవలేదు.

అసలు రికార్డింగ్ తీసి వింటే, "లేదండీ, ఇంకా రెండు నెలలైనా ఆగాలి" అని ఉంది. మరమ్మతు అయిపోయింది పక్క వంతెనకు. దాని గురించి చెప్పిన జవాబు శబ్దాన్ని చీఫ్ ఈ బొమ్మ కింద అతికించాడు.

"కొంపలంటుకునేవి," అన్నాడాయన నుదురు తుడుచుకుంటూ. "నువ్వే సరిచెయ్యమ్మా."

ఆరింటికి సరైన మాటే ప్రసారమైంది. మర్నాటి నుంచి ప్రివ్యూలో మొదటి విడత శబ్దం ఆపేసి చూడాలన్న ఆచారం వచ్చింది. కాఫీ ఆచారం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ప్రసారం ముగిసిన ఆ సాయంత్రమే చీఫ్ ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం ముందేసుకున్నాడు. అందులో 'అభ్యర్థిలోని లోపాలు' అని ఒక గడి ఉంది. కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి, "ప్రివ్యూ గదిలో మిగతా నలుగురికి ఉన్నాయి" అని రాసి, సంతకం పెట్టాడు.