తాళాలక్కయ్య చూసిన మూడు ఊళ్లు

కన్నవాళ్లు పెట్టిన పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. ఊరందరికీ ఆవిడ తాళాలక్కయ్యే. ఖాళీగా ఉన్న ఇళ్ల తాళంచెవులు సగానికి సగం ఆవిడ చేతిసంచిలో ఉండేవి. వీధి మొగలో ఆ గలగల వినపడగానే అద్దెకున్నవాళ్లు పిల్లల్ని పిలిచి, గోడలకి కొట్టిన మేకులు ఆవిడ కంట పడకుండా కేలండర్లు తగిలించమనేవారు.

ఆవిడది ఇళ్లు కుదిర్చే పని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆవిడ నోరు అంత మంచిదేం కాదు. వానొస్తే కారే ఇంటిని కారుతుందనే చెప్పేది. పొరుగువాడు జగడాలమారి అయితే అదీ దాచేది కాదు. అందుకే కొనేవాళ్లు ఆవిడను నమ్మేవారు, అమ్మేవాళ్లు భరించేవారు.

ఆవిడకున్నది ఒక్క చెల్లెలు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు జడ వేసుకోవడం కూడా రాదు. జడ వేయడం దగ్గర్నుంచి నర్సు చదువు చెప్పించడం దాకా అన్నీ అక్కే చూసుకుంది. ఆ హడావుడిలో తన పెళ్లి సంగతే మరిచిపోయిందని ఊళ్లో అనుకునేవారు. మరిచిపోలేదనీ, వచ్చిన సంబంధాలవాళ్ల ఇళ్లు తనకు నచ్చలేదనీ ఆవిడ జవాబు. చెల్లెలూ అదే దారి పట్టింది. కాకపోతే ఆమెకు నచ్చనిది ఇళ్లు కాదు, మనుషులే. అలా అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక అద్దింట్లో, ఒకళ్లనొకళ్లు సాధించుకుంటూ సుఖంగానే ఉన్నారు.

ఇలా ఉండగా చెల్లెలు పనిచేసే ఆసుపత్రివాళ్లు ఒకే రైలు మార్గం మీదున్న మూడు ఊళ్లలో శాఖలు తెరిచారు. ఒకటి వీళ్లుంటున్న మిల్లు ఊరు, రెండోది కాలేజీ ఊరు, మూడోది రేవు ఊరు. మూడూ మరీ పెద్దవి కావు, అలాగని పల్లెటూళ్లూ కావు. పాత నర్సులు తమకు నచ్చిన ఊరు కోరుకోవచ్చన్నారు, ఇల్లు కొనుక్కునేవాళ్లకు అప్పుకు హామీ కూడా ఉంటామన్నారు. చెల్లెలు ఇంటికొచ్చి భారమంతా అక్క మీద పడేసింది.

"ఏ ఊరు బాగుంటుందో నువ్వే చెప్పక్కా. నువ్వు చెప్పిన ఊళ్లోనే కొంటాను. ఉద్యోగం కూడా అక్కడికే రాయించుకుంటాను."

మన ఊరే అంటే చాలు, చెల్లెలు ఉండిపోతుంది. ఇంకో ఊరి పేరు చెబితే వెళ్లిపోతుంది. తాను వెంట వెళ్లలేదు. బ్రోకరుకు ఊరే పెట్టుబడి, ఈ వయసులో కొత్త ఊరికి పోతే పలకరించే దిక్కుండదు. మన ఊరే అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అంత సులువుగా వచ్చేసరికి ఆవిడకు తన మీదే అనుమానం పుట్టింది. ఇల్లు చూసేటప్పుడు మనసును చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలెయ్యాలని కొనేవాళ్లకు చెప్పే మనిషి, సొంత చెల్లెలి దగ్గర ఆ మాట తప్పుతుందా? ఇద్దరం కలిసి మూడు ఊళ్లూ చూశాకే చెబుతానంది.

ఊరి జాతకం చెప్పడానికి ఆవిడకో పద్ధతి ఉంది. ఇళ్ల ధరలు అడగదు, ధరలు అబద్ధాలాడతాయంటుంది. రైలు దిగగానే తాళాలు బాగుచేసేవాడి బడ్డీ ఎక్కడుందో కనుక్కుని, పక్కనే టీ తాగుతూ కాసేపు కూర్చుంటుంది. పెరిగే ఊళ్లో వాడు డూప్లికేట్ తాళంచెవులు చేస్తాడు, ఎందుకంటే ఇంట్లోకి మనుషులు వస్తుంటారు. తరిగే ఊళ్లో తాళాలు పగలగొట్టడానికి వెళుతుంటాడు, ఎందుకంటే తాళంచెవి పట్టుకుని ఎవరో ఎక్కడికో పోయుంటారు. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

కాలేజీ ఊళ్లో తాళాలవాడికి తల ఎత్తే తీరిక లేదు. ఒక్కో గదికి నాలుగేసి తాళంచెవులు చేస్తున్నాడు. అద్దెలు బాగా వస్తాయి, అమ్మితే ఎగరేసుకుపోతారు. కానీ సెలవులిస్తే వీధులు బోసిపోతాయట, ఇళ్లన్నీ కుర్రాళ్ల కోసం ముక్కలు చేసిన గదులే. చెల్లెలు ఒక ఇంట్లో వంటగది గట్టు మీద చెయ్యివేసి, ఈ ఇల్లు తొందరగా అమ్ముడుపోతుందా అని అడిగింది. చిటికెలో పోతుందంది అక్క. చెల్లెలు చెయ్యి తీసేసి బయటికి నడిచింది.

రేవు ఊళ్లో ఇంకా బాగుంది. ఆసుపత్రి వెనక కొత్త వీధి పడుతోంది. అక్కడి తాళాలవాడు బడ్డీ తీసేసి దుకాణమే పెట్టాడు. ఉప్పుగాలికి తాళాలు తుప్పుపడతాయి గానీ, ఇళ్లకు మాత్రం ఏడాదికేడాది గిరాకీ పెరుగుతోంది. మేడ మీద ఒక చిన్న ఇల్లు చూశారు. పొద్దుటెండ గదిలోకి తిన్నగా వస్తుంది, కిటికీలోంచి రేవులో పడవలు కనిపిస్తాయి. తాళాలక్కయ్య కుళాయిలన్నీ తిప్పి చూసి, తలుపులన్నీ మూసి తెరిచి, ఒక్క లోపమూ దొరక్క లోలోపల కుంగిపోయింది. చెల్లెలు మళ్లీ అదే అడిగింది, ఇది తొందరగా అమ్ముడుపోతుందా అని. రేపు బోర్డు పెడితే ఎల్లుండికి లేదంది అక్క. చెల్లెలి మొహం వాడిపోయింది. ఊరు కొత్త కదా, పిల్ల బెదిరింది అనుకుంది అక్క.

ఇక తమ ఊరు. అందరికీ చూపించే ఊరిని ఆవిడ పరాయిదానిలా చూడాలని కూర్చుంది. తాళాలవాడు ఆవిడకు పాత స్నేహితుడే. మిల్లు మూతపడ్డాక వాడి చేతిలో తాళంచెవులు అరగదీసే ఆకురాయి కంటే సుత్తే ఎక్కువగా కనిపిస్తోంది. ఆ పొద్దు కూడా ఎవరిదో తలుపు తెరవడానికి సంచి సర్దుకుంటున్నాడు. అడగాల్సిందేమీ లేదు. ఇక్కడ ఇల్లు కొంటే చవగ్గా వస్తుంది, కానీ అవసరమై అమ్మబోతే ఏళ్లు పడుతుంది. ఇంకెవరైనా అడిగితే ఆ ముక్కే మొహం మీద చెప్పేది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆవిడ తీర్పు చెప్పేసింది. రేవు ఊరే, ఆసుపత్రి వెనక వీధే, మేడ మీద ఇల్లే. చెల్లెలి వైపు చూడకుండా గబగబా చెప్పింది. ధర పెరుగుతుంది, నడిచి డ్యూటీకి పోవచ్చు, ఏ కష్టమొచ్చినా ఇట్టే అమ్ముకోవచ్చు. చెల్లెలు కంచంలో చెయ్యి అలాగే ఉంచి విన్నది.

"మరి నువ్వు?"

"నాకేమే, తాళాలున్నాయి. పండగకీ పబ్బానికీ వచ్చిపోతుంటాను."

"ఎవరూ అడగని ఇల్లు ఒకటి చూడక్కా నాకు. అమ్ముదామన్నా అమ్ముడుపోని ఇల్లు."

తాళాలక్కయ్య గరిటె కింద పెట్టింది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇలాంటి గిరాకీ ఆవిడకు తగల్లేదు. పిచ్చా నీకు అని అడిగింది. చెల్లెలు కోప్పడలేదు. చిన్నప్పటి నుంచి మనం ఎన్ని ఇళ్లు మారామో గుర్తుందా అని మాత్రం అంది.

గుర్తుంది. గుర్తు లేకపోవడమేం? తిరిగి తిరిగి ఏ అద్దె ఇల్లూ నచ్చనివాళ్లను తాళాలక్కయ్య చివరికి తాముంటున్న ఇంటికే తీసుకొచ్చేది. ఇల్లంటే ఇలా ఉండాలని చూపించడానికే మొదట్లో తెచ్చేది. అద్దంలా పెట్టుకున్న ఇల్లు, ఎవరికైనా నచ్చేది. పాపం పిల్లలుగలవాళ్లు, చంటిబిడ్డతో ఉన్నవాళ్లు అని జాలిపడి, ఆ నెలాఖరుకు ఇల్లు వాళ్లకిచ్చేసి చెల్లెలితో ఇంకోదానికి మారేది. అటు కమీషనూ వచ్చేది, ఇటు పుణ్యమూ వచ్చేది. పరీక్షలకు చదువుకుంటున్న చెల్లెలు పుస్తకం మూసి లేచి, వచ్చినవాళ్లకు కిటికీ తెరిచి చూపించేది. అలవాటైపోయిందనుకుంది అక్క. ఒక్కసారి కూడా ఆ పిల్ల వద్దనలేదు మరి.

"తలుపు చప్పుడైతే ఇప్పటికీ గుండె జారుతుందక్కా. ఎవరికి నచ్చుతుందో, ఎప్పుడు సర్దుకోవాలో అని. నువ్వు చూపించిన మంచి ఇళ్లన్నీ రేపు ఇంకొకళ్లకి పోయేవే."

ముందే ఎందుకు చెప్పలేదే అని అడగబోయింది ఆవిడ. ఎవరికి చెబుతుంది, తాళంచెవులు తన చేతిలో ఉంటే? కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల్లిలా పెంచానని నలుగురిలో చెప్పుకునేది. ఆ పిల్లకు ఒక గోడైనా సొంతమని చూపించలేదు. చాలా బాధపడింది. అయినా ఆవిడలో బ్రోకరు అంత తొందరగా చావలేదు. కొన్న ధర కూడా రాదే, రేపు కష్టమొస్తే ఏం చేస్తావని అడిగింది.

"ఆ ఇంట్లోనే కూర్చుని ఇద్దరం పడదాం" అంది చెల్లెలు.

మర్నాడు ఆదివారం. మిల్లు వెనక వీధిలో ఒక పెద్దాయన ఇల్లుంది. మిల్లులో గుమాస్తాగా చేసి, తమ్ముడి దగ్గరికి వెళ్లిపోదామని ఆ ఇంటిని ఎప్పుడో అమ్మకానికి పెట్టాడు. తాళాలక్కయ్యే ఎందరికో చూపించింది, ఒక్కరూ రెండోసారి రాలేదు. మెట్లు నిటారు, వంటగదిలో ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి, పెరటి నిండా మిల్లు గోడ నీడ. చెల్లెలు వంటగదిలోకి వెళ్లి, నువ్వూ రా అని అక్కను లాగింది. మోచేతులు తగిలాయి.

అమ్మేవాడి ఎదుట కొనేవాడు ఇల్లు మెచ్చుకోకూడదు. ఆవిడ వ్యాపారంలో అది మొదటి పాఠం, కనీసం ముక్కైనా చిట్లించాలి. తాళాలక్కయ్య హాల్లోకి వచ్చి, అలవాటుగా పైకప్పుకేసి చూసి, నోరు తెరిచి, "ఇల్లు చాలా బాగుందండీ, మాకు కావాలి" అంది.

చెల్లెలు వెనకనుంచి గిల్లింది. పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. మోసం చేసే రకం కాదాయన, ఆవిడను ఎరగనివాడూ కాదు.

"నువ్వే చెప్పేదానివి కదమ్మా అందరికీ, ఈ వీధిలో కొంటే మళ్లీ అమ్మలేరని."

"నిజమే చెప్పానండీ" అంది తాళాలక్కయ్య. "అందుకే కొంటున్నాం."