రాజ్యలక్ష్మి దాచిన కథ

పొద్దున్నే కంప్యూటరు మీట నొక్కేముందు రాజ్యలక్ష్మి పాత వాయిల్ చీర ముక్కతో కీబోర్డును, పసిపిల్ల మొహం తుడిచినట్టు, మెల్లగా తుడిచేది. తెర వెలిగాక ఖాళీ పేజీ తెరిచి 'శ్రీరామ' అని ఒక్కసారి కొట్టి, వేళ్లు కళ్లకద్దుకుని, ఆ పేజీని దాచకుండానే మూసేసేది. "అంత భక్తిగా కొట్టి పారేస్తావేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే, "రేపు మళ్లీ కొత్తగా రాసుకోవాలిగా" అని నవ్వేది. ఇరవై ఆరేళ్లలో ఆ నియమం తప్పిన రోజులు, జ్వరాలతో పడుకున్నవి తీసేస్తే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఫిల్మ్‌నగర్‌లో గుడి గుట్టకు దిగువన, ఒక పాత ఇంటి వెనక ఒంటి గది ఆమెది. వాకిట్లో బోర్డు లేదు. అయినా మాటలు రాసేవాళ్లందరికీ ఆ సందు తెలుసు. చేతిరాత కాగితాలు తెచ్చి ఇస్తే, తప్పుల్లేకుండా టైపు చేసి, సీన్ల వారీగా కుట్టి ఇచ్చేది. ఆకివీడులో పదో తరగతి, పక్కనే టైపు ఇన్‌స్టిట్యూట్లో తెలుగు హయ్యరు పరీక్ష. అంతే ఆమె చదువు. భర్త షూటింగుల్లో లైట్లు మోసేవాడు. ఎత్తు మీద నుంచి జారి పడి పోయేనాటికి ఆమెకు నిండా ముప్పై లేవు. అప్పుడు సత్యనారాయణమూర్తిగారనే రచయిత ఎర్రగడ్డలో ఆమె ఉండే వాటా వెతుక్కుంటూ వచ్చి, "నీకు టైపొచ్చటగా తల్లీ, మా రాతలు కొట్టిపెట్టు. ఇంటాయనతో చెప్పి గది నేను చూస్తాను" అన్నాడు. అన్నట్టే చూశాడు. ఆ మొదటి కంప్యూటరు కూడా ఆయనే ఎవరినో బతిమాలి తెప్పించాడు.

మూర్తిగారి బతుకు వేరే. హాల్లో జనం ఈలలు వేసే మాటలు ఆయనవి, తెర మీద పేరు ఇంకొకరిది. ముప్పై ఏళ్లు అలాగే గడిచింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కిడ్నీలు పాడై వారానికి మూడు రోజులు ఆసుపత్రి పాలయ్యాక మాత్రం, "ఒక్కటి నా పేరున రాసుకుంటాను" అన్నాడు. చెయ్యి వణికి కలం నిలవదు. మిగతా రోజుల్లో మోతీనగర్ నుంచి ఆటోలో వచ్చి, ఆమె వేసిన పడక్కుర్చీలో వాలి, కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆమె కొట్టేది. ఆ ఆటో అతను ఆయన్ను గది లోపలి దాకా చేయి పట్టి నడిపించి, వెళ్లేటప్పుడు చెప్పుల్ని కుర్చీ పక్కకు తెచ్చి పెట్టిపోయేవాడు. ఎవరూ చెప్పకుండానే.

మొదటి రోజే మూర్తిగారు ఆమెతో మాట తీసుకున్నాడు.

"పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించకు తల్లీ. ఇంకో నకలు వద్దు. నా కథలు మూడు అలా గోడలు దాటిపోయాయి. ముహూర్తం నాడు దేవుడి ముందు పెట్టేదాకా, అసలీ కథ ఉందని కూడా ఎవరికీ చెప్పకు."

"చెప్పనండీ. ఒట్టు" అంది ఆమె.

ఆయన ముందరే ఆ కథకు ఒక ఫోల్డరు చేసి, తెర మీదే పెట్టి, సంకేతపదంతో తాళం వేసి కనపడకుండా చేసే ఏర్పాటు ఒకటి తనే పెట్టుకుంది. నూట నలభై పేజీలు మాఘమాసంలో పూర్తయ్యాయి. చైత్రంలో ఆయన పోయారు.

పదకొండో రోజున పృథ్వీరాజ్ అనే నిర్మాత జూబ్లీహిల్స్ నుంచి మోతీనగర్ వచ్చాడు. మూర్తిగారు బతికుండగా అతనికి ఆ కథ స్థూలంగా చెప్పి ఉన్నాడు. మూర్తిగారి భార్య శ్యామలాదేవి ముందు నేల మీదే కూర్చుని, "కథ, మాటలు సత్యనారాయణమూర్తి. పక్కన ఇంకో పేరుండదండీ. నాదీ పూచీ" అన్నాడు. రచన ఎక్కడుందో శ్యామలాదేవి ఒక్కర్తికే తెలుసు. ఆ సాయంత్రం రాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుని, "ఆ ఒక్క పేరూ తెర మీద చూస్తే చాలే రాజ్యం. ఆయనకు పెట్టే పిండం అదే అనుకుంటాను" అంది.

జ్యేష్ఠంలో దశమికి ముహూర్తం పెట్టారు. స్క్రిప్టు ఆ ముందు శుక్రవారానికి కావాలన్నారు. అదీ ఇప్పుడందరూ ఫోన్లో చదివే కొత్త అక్షరాల్లో. రాజ్యలక్ష్మి కొట్టేది పాత పద్ధతి తెలుగు. దాన్ని మార్చే సాధనమేదో ఉందిగాని, ఆమె కంప్యూటరు నడిచే పాత విండోస్ మీద అది ఎక్కదు. విండోసే మార్చాలి.

సందు చివర డబ్బింగ్ స్టూడియోలో కంప్యూటర్లు చూసుకునే విహారి ఆ మాట విని, తన పని ముగించుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

"డౌన్‌లోడ్ చేసి తెస్త లక్ష్మక్కా. పాతదాని మీద కొత్తది కూసుంటది. నీ సామాను ఎక్కడిదక్కడ్నే ఉంటది. ఫికర్ జెయ్యకు."

మొదటిసారి తెచ్చినది మొదలే కాలేదు. చూస్తే, దింపుతుండగా నెట్టు తెగి ఫైలు సగంలోనే ఆగిపోయింది. స్టూడియోవాళ్లు ఒక కంప్యూటరు వదిలేసి, "పూర్తిగా దిగేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని కాగితం అంటించారు. రెండోసారి జాగా చాలదంది. విహారి పనికిరానివన్నీ ఏరి తీసేశాడు. మూడోసారి అరవై రెండు శాతం దాకా వెళ్లి, ఆగి, చేసిందంతా తనే వెనక్కి తీసుకుని మళ్లీ పాత తెర చూపించింది. టైపు సాఫ్ట్‌వేరుకు ఉండే చిన్న తాళపు పుల్ల వెనక గుచ్చి ఉందని అది పీకి చూశాడు. ప్రింటరు తీగ పీకాడు. వైరస్ కాపలాది తీసేశాడు. మళ్లీ అరవై రెండే.

"గీ అరవై రెండుల ఏమున్నదో నాకు సమజైతలేదు. గాడ టోల్‌గేట్ గిట్ల ఉన్నదా ఏంది?" అన్నాడు. రాజ్యలక్ష్మి నవ్వింది. మేడ మీది ఇంటావిడ ఇద్దరికీ మజ్జిగ పంపింది. బుధవారం అయిపోవచ్చింది.

"ఒక్కటే తొవ్వ అక్కా" అన్నాడు విహారి. "సీ డ్రైవు మొత్తం తుడిచి, కొత్తది వేస్త. నీ ఫైళ్లు ఎక్కడున్నయ్?"

"అన్నీ డీ డ్రైవులోనే."

"సీల ఏం లేవు గదా? మంచిగ యాద్ చేసుకో."

"నా ఫైళ్లేం లేవు."

"తెర మీద?"

తెర మీద ఉన్నది సీ డ్రైవులోనే ఉంటుందని రాజ్యలక్ష్మికి తెలియదు. చెప్పాలంటే ఒట్టు అడ్డం. అదీగాక తాళం ఉంది. తాళం వేసినదాన్ని ఎవరేం చేస్తారు?

"ఏమీ లేవు నాయనా."

విహారి తెర మీద తనూ వెతికాడు. దాచినది కనబడలేదు. సరేనన్నాడు.

ఈసారి ఎక్కడా ఆగలేదు. నీలం తెర నిండుగా వెలిగింది. టైపు సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కింది, తాళపు పుల్ల పలికింది, అక్షరాలు మార్చే సాధనం పనిచేసింది. రాజ్యలక్ష్మి అతని పిల్లలకని డబ్బాలో పులిహోర కట్టి ఇచ్చి, "చల్లగా ఉండు" అని సాగనంపింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుని, కథ తెరుద్దామని చూసింది.

ఎప్పుడూ నొక్కే మీటలు నొక్కినా తెర తాళం అడగలేదు. ముందు కళ్లజోడు తుడుచుకుంది. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. ఫోన్ చేస్తుంటే విహారి నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

అతను డబ్బా చేతిలో ఉండగానే తిరిగొచ్చాడు. "ఏం ఫోల్డరక్కా?"

ఆమె గోడ వైపు చూసింది. దేవుడి పటం వైపు చూసింది. ఇక చెప్పక తప్పలేదు.

"మూర్తిగారి కథ. ఆయన పేరున రాసుకున్నది. అదొక్కటే ఉంది, ఇంకెక్కడా లేదు."

విహారి గడప మీదే కూలబడ్డాడు. "మూడుసార్లు అడిగిన గదక్కా."

"నా ఫైళ్లని అడిగావు నాయనా. అది నాది కాదుగా." మళ్లీ తనే అంది: "తాళం వేసి ఉందిగా, ఎక్కడికి పోతుంది?"

"ఇల్లే కూలగొట్టినంక తాళం ఏం జేస్తదక్కా..."

అని నాలిక కరుచుకున్నాడు. వెంటనే లేచి కంప్యూటరు ఆపేసి, ఇక దాన్ని తాకవద్దని చెప్పి, లోపలి డిస్కు విప్పి తీసుకుపోయాడు. ఆ రాత్రి, మర్నాడు స్టూడియోకు సెలవు పెట్టి, పోయినవి వెతికి ఇచ్చేవాళ్ల దగ్గర కూర్చున్నాడు. గురువారం సాయంత్రం వచ్చాడు. పిల్లలకు ఇవ్వకుండా పులిహోర డబ్బా అలాగే తెచ్చాడేమో అనుకుంది ఆమె. ఖాళీది, కడిగి తెచ్చాడు.

"ముక్కలు దొరికినయ్ అక్కా. చానా వాటి మీద కొత్త విండోసు కూసున్నది. మిగిలినయ్ తెరుచుకుంటలేవు. తాళంచెవి ఫైలే పోయింది. ఇంకో ఇద్దరికి చూపిచ్చిన. గదే మాట."

రాజ్యలక్ష్మి తల ఊపింది. ఆ రాత్రీ ఆ పగలూ ఆమె కాగితాల కట్ట ముందు పెట్టుకుని, జ్ఞాపకం ఉన్నంత రాద్దామని చూసింది. కథ వచ్చింది. ఏ సీను తర్వాత ఏ సీనో వచ్చింది. మాటలు రాలేదు. ఆయన దగ్గుతూ, ఆగుతూ, "కాదు తల్లీ, అది కొట్టెయ్" అంటూ చెక్కిన మాటలు ఆమె వేళ్ల మీదుగా తెరలోకి వెళ్లిపోయాయి; మనసులో నిలవలేదు. తాను రాసిన మాట ప్రతిదీ చూస్తే చప్పగా ఉంది. పదహారు కాగితాలు రాసి, పదహారూ పక్కన పెట్టింది.

విహారి వాటిని చూశాడు. మెల్లగా అన్నాడు:

"ఇరవై ఆరేండ్లు ఆయన రాసింది కొట్టినవ్. నువ్వే రాయి అక్కా. ఇంకో పది రోజులు అడుగుదాం. ఎవలకు తెలుస్తది?"

"ఎవరికీ తెలియదు" అంది రాజ్యలక్ష్మి. "ఆయన మాటలకి ఇంకొకరి పేరు పెట్టుకున్నారు ముప్పై ఏళ్లు. ఇప్పుడు నా మాటలకి ఆయన పేరు పెట్టనా? పోయినాయన ఒప్పుకుంటారా? ఆ తల్లి హాల్లో కూర్చుని, అవి ఆయన మాటలేననుకుని ఏడిస్తే, పక్కన నేను ఎలా కూర్చోను తమ్ముడూ?"

విహారి కళ్లు తుడుచుకున్నాడు. "అయితే నేనొస్త. తుడిచింది నేనే గదా, నాదే తప్పని చెప్త. అమ్మ నిన్ను ఏమనదు."

"నువ్వు అడిగావు. నేను చెప్పలేదు." ఆమె పదహారు కాగితాలూ మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "కథ వరకు అమ్మగారికి చెబుతాను. పృథ్వీరాజ్‌గారితో కూడా చెబుతాను, ఇంతే మిగిలిందని. ఆ మీద వాళ్ల దయ. పేరు వేస్తారో వెయ్యరో."

శ్యామలాదేవి అప్పటికే మధ్యాహ్నం నుంచి రెండుసార్లు ఫోన్ చేసి ఉంది. రేపు స్క్రిప్టు పట్టుకుని నిర్మాత దగ్గరికి వెళ్లేటప్పుడు, పసుపు రాసే ముందు తనకొకసారి చూపించి వెళ్లమని. మొదటి పేజీ మీద ఆయన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందని.

రాజ్యలక్ష్మి గది తాళం వేసింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"తమ్ముడూ, నాకొక్క సాయం చేస్తావా?"

"చెప్పక్కా."

"మోతీనగర్ దాకా నాతో రా. లోపలికి రావద్దు, ఏమీ చెప్పవద్దు. గేటు దగ్గర నిలబడు, చాలు. చెప్పి బయటికొచ్చేటప్పుడు నాకు మెట్లు కనపడవు. కాస్త చెయ్యి పట్టుకుని దింపుదువుగాని."